మేరీ మాంటేగు దొరసాని చరిత్రము

లోకమున గొప్పవారి చరిత్రములు వ్రాయునప్పుడు రాజ్యములు గెలిచినవారిని, గ్రంథములు రచించినవారిని, క్రొత్త దేశములు కనుగొన్నవారిని తలచుకొనుట వాడుక. ఒక తల్లి తన బిడ్డ చేతిపై సూదితో చిన్న గీటు పెట్టించుటకు సమ్మతించిన సంగతి చరిత్రమున కెక్కుట మిక్కిలి అరుదు. అట్టి అరుదైన చరిత్ర మొకదానిని ఈ సంచికలో మా చదువరులకు చెప్పదలచితిమి. ఈ చరిత్రమునకు నాయిక ఆంగ్లదేశపు కులీన స్త్రీయగు మేరీ వర్ట్లీ మాంటేగు. ఆమె గతించి రెండువందల అరువది సంవత్సరములు దాటినది. అయినను, టీకాలు వేయువారు వీధికి వచ్చినప్పుడు బిడ్డ నెత్తుకొని వాకిట నిలిచి, వేయింతునా మానుదునా యని తటపటాయించు ప్రతి తల్లియు ఆమెకు చెల్లెలే యని మా తలంపు.

మేరీ 1689వ సంవత్సరమున జన్మించెను. ఆమె తండ్రి ఈవ్లిన్ పియర్‌పాంటు గొప్ప ప్రభువు. తరువాతి కాలమున కింగ్‌స్టన్ డ్యూకు అను బిరుదము వహించెను. తల్లి మేరీ పసితనముననే గతించెను. ఆ దినములలో ఆడుబిడ్డలకు పెద్ద చదువులు చెప్పించు ఆచారము లేకుండెను. అయినను మేరీ తండ్రిగారి పుస్తకశాలలో కూర్చుండి, నిఘంటువు తోడుగా లాటిను భాషను తనంతట తానే నేర్చుకొనెను. యుక్తవయస్సు వచ్చినప్పుడు తండ్రి ఒక సంపన్నునితో వివాహము నిశ్చయింపగా, ఆమె యందుల కిష్టపడక 1712లో ఎడ్వర్డు వర్ట్లీ మాంటేగు అను వానిని రహస్యముగా వివాహమాడెను. పిల్లలు తల్లిదండ్రుల మాట జవదాటవలెనని చెప్పుట మా యుద్దేశము కాదు. తనకు యుక్తమని తోచిన కార్యమును నలుగురు కాదన్నను విడువని స్వభావము ఆమెకు మొదటినుండియు ఉండెనని తెలుపుటకే దీనిని వ్రాసితిమి.

ఆ కాలమున మశూచి యను పేరు వినినంతనే పెద్దలకు సైతము ఒడలు జలదరించెడిది. మన తెలుగుదేశమున ఆ వ్యాధి వచ్చిన యింట అమ్మవారు పోసినదని చెప్పుకొని, గుమ్మమునకు వేపమండలు కట్టి, రోగిని వేపాకులపై పరుండబెట్టి, మాటయైనను గట్టిగా నాడక కాచుకొని యుండెడివారు. ఆంగ్లదేశమునను ఆ భయ మింతకు తక్కువ కాదు. ఆ రోగమునకు రాజనియు పేదయనియు భేదము లేకుండెను. ఇంగ్లండు రాణియగు రెండవ మేరీ 1694లో మశూచి వలననే మరణించెను. రోగము సోకినవారిలో ఆరేడుగురికి ఒకరు చనిపోవుచుండిరి. బ్రతికినవారిలో అనేకులకు ముఖమున గుంటలు పడెడివి. కొందరికి కన్నులు పోయెడివి. ఈ రోగమువాత పడువారిలో పసిపిల్లలే విస్తారము.

మేరీ యింట ఈ శత్రువు రెండుమార్లు ప్రవేశించెను. 1713వ సంవత్సరము మే నెలలో ఆమెకు ఎడ్వర్డు అను కుమారుడు జన్మించెను. ఆ సంతోషము తీరకమునుపే, జూలై నెలలో ఆమె యేకైక సోదరుడగు విలియము మశూచి సోకి, ఇరువది యేండ్ల ప్రాయముననే మరణించెను. రెండేండ్లు గడచిన పిమ్మట, 1715 డిసెంబరులో, ఆ రోగము ఆమెకే వచ్చెను. రాజాస్థానమున సౌందర్యమునకు పేరెన్నిక గన్న ఆ యువతి చావు తప్పించుకొని లేచెను గాని, ముఖమంతయు మచ్చలు పడెను. కనురెప్పల వెండ్రుకలు రాలిపోయి మరల మొలవవయ్యెను. అద్దము చూచుకొన్నప్పుడెల్ల ఆమెకు తన సంగతి యొక్కటియే కాక, ఇంకను ఆ రోగము చూడని చిన్న కుమారుని సంగతియు గుర్తునకు వచ్చియుండునని మేము తలంచుచున్నాము.

1716లో ఆమె భర్తను ఇంగ్లండు ప్రభుత్వమువారు తురుష్క సుల్తానునొద్దకు రాయబారిగా నియమించిరి. సాధారణముగా అట్టి దూరప్రయాణములకు స్త్రీలు పోకుండిరి. మేరీ మాత్రము భర్తతోడను, మూడేండ్ల కుమారునితోడను బయలుదేరి, మంచు కప్పిన దేశములు దాటి, 1717 వసంతకాలమున ఏడ్రియనోపిలు నగరమును చేరెను. దానినిప్పుడు ఎడిర్నె యందురు. ఆమె తురుష్క భాషను నేర్చుకొన మొదలిడి, అచ్చటి స్త్రీలతో కలసి మెలసి తిరిగెను. పురుషులగు యాత్రికులకు ప్రవేశములేని అంతఃపురములు ఆమెకు తెరువబడెను. ఆ రాకపోకలలోనే ఆమె ఒక వింతను కనుగొనెను. తన దేశమున తల్లులను నిద్రపోనీయని మశూచి, ఇచ్చట వారిని అంతగా భయపెట్టకుండెను.

దీనికి కారణ మేమన, వారు పిల్లలకు మశూచిని తామే అంటు వేయించుచుండిరి. తోటమాలి యొక చెట్టు కొమ్మను వేరొక చెట్టునకు అంటు కట్టినట్లే, ఒకరి మశూచిని మరియొకరికి అంటించుటచే ఆ పేరు వచ్చెను. ఎండలు తగ్గిన సెప్టెంబరు మాసమున, ఇరుగుపొరుగు కుటుంబములవారు పదునైదు పదునారుగురు ఒకచోట కూడెడివారు. ఈ పనిలో ఆరితేరిన ఒక వృద్ధస్త్రీ, తేలికగా పోసినవారి పొక్కులలోని రసిని కాయచిప్పలో పట్టి తెచ్చెడిది. ఆమె పెద్ద సూదితో చర్మమును గీరి, సూదిమొన కెక్కినంత రసిని అందులో నుంచి, పైన ఖాళీచిప్ప నొకదానిని బోర్లించి కట్టెడిది. పిల్లలు ఏడెనిమిది దినములు ఎప్పటివలె ఆడుకొనెడివారు. పిమ్మట రెండు మూడు దినములు జ్వరము వచ్చి, ముఖమున ఇరువది ముప్పది పొక్కులు మాత్రము లేచి, మచ్చలు మిగులకుండ మానిపోయెడివి. అటుపై వారికి మశూచి భయము లేకుండెను.

ఈ సంగతి ఐరోపా పండితులకు బొత్తిగా తెలియనిది కాదు. కాన్‌స్టాంటినోపిలులోని ఇమాన్యుయేల్ టిమోని యను వైద్యుడు దీనిని వర్ణించి వ్రాసిన లేఖ 1714లోనే లండనులోని రాయల్ సొసైటీకి చేరెను. పైలరీని యను మరియొక వైద్యుడును వ్రాసెను. పండితులు వాని నొక వింతగా చదివి ప్రక్కన బెట్టిరి. మేరీ యట్లు చేయలేదు. ఆమె అచ్చటి తల్లుల నడిగి తెలిసికొనెను. అంటు వేయించుకొన్న పిల్లలను కన్నులార చూచెను. 1717 ఏప్రిలులో తన నెచ్చెలియగు సారా చిజ్వెలునకు ఆ విధానమంతయు వివరముగా వ్రాసి, దీనిని తన దేశమునకు తేవలెనను కోరికను వెల్లడించెను. వైద్యులకు రాబడి తెచ్చు రోగమును తొలగింపజూచినచో వారు తనపై కత్తికట్టుదురని యామెకు అప్పుడే తెలిసియుండెను.

1718 జనవరిలో కాన్‌స్టాంటినోపిలున ఆమెకు ఒక కుమార్తె జన్మించెను. ఆ మార్చినెలలో మేరీ, భర్త ఊరలేని సమయమున, అయిదేండ్లు నిండవచ్చిన కుమారునికి అంటు వేయించుటకు నిశ్చయించెను. గ్రీకుజాతి వృద్ధస్త్రీ యొకతె వచ్చి ఒక చేతిని గీరెను. ఆమె చేయి వణకుచుండుటచేతను, సూది మొద్దుబారి త్రుప్పుపట్టి యుండుటచేతను పిల్లవానికి బాధ కలిగెను. అంతట రాయబారముతో వచ్చిన శస్త్రవైద్యుడు చార్లెస్ మెయిట్లండు తన పరికరముతో రెండవచేతిని గీరెను. పిల్లవానికి జ్వరము వచ్చెను, పొక్కులు లేచెను, కొలది దినములలో మానిపోయెను. పని జరిగిన తరువాతనే ఆమె భర్తకు ఉత్తరము వ్రాసెను.

ఇచ్చట మా చదువరు లొక సంగతి గమనింపవలెను. కుమారునికి వేయించిన ఆ తల్లి, కుమార్తెకు మాత్రము అప్పుడు వేయింపలేదు. దానికి కారణము భయము కాదు. ఆ శిశువునకు పాలిచ్చు దాదికి అంతవరకు మశూచి రాలేదు. అంటు వేసిన బిడ్డవలన ఆమెకు రోగము సోకి, ప్రాణాపాయము కలుగవచ్చును. తన బిడ్డ క్షేమముకొరకు పరాయి స్త్రీ ప్రాణమును పణము పెట్టుట ధర్మము కాదు గదా. కావున మేరీని తెగువగలదని చెప్పుటతో సరిపోదు. ఆమె వివేకముగలదనియు చెప్పవలెను. మంచిదని విన్నంతనే కన్నులు మూసికొని చేయలేదు. అపాయ మున్నదని విన్నంతనే మానివేయలేదు. ఎవరికి, ఎప్పుడు, ఏ స్థితిలో చేయవలెనో విచారించి చేసెను.

ఆ సంవత్సరమే వారు స్వదేశమునకు మరలివచ్చిరి. మూడేండ్లు గడచెను. 1721 వసంతకాలమున లండనులో మశూచి మిక్కుటముగా చెలరేగెను. మేరీ వెంటనే మెయిట్లండును పిలిపించి, మూడేండ్ల కుమార్తెకు అంటు వేయుమని కోరెను. తురుష్కదేశమున వెనుదీయని ఆ వైద్యుడు లండనులో జంకెను. బిడ్డ కేమైన జరిగినచో తనకు వృత్తియు గౌరవమును దక్కవని యతని భయము. కావున ఇతర వైద్యులను సాక్షులుగా నుంచవలెనని పట్టుబట్టెను. ఏప్రిలు నెలలో ఆ పని జరిగెను. ఆంగ్లదేశమున వైద్యుని చేత అంటు వేయబడిన మొదటి శిశువు ఆ బాలికయే. చూడవచ్చిన వైద్యులలో నొకడు అంతకుముందు తన బిడ్డలను మశూచికే కోల్పోయినవాడు. అతడు ఆ బాలిక నవ్వుచు ఆడుకొనుట చూచి, మిగిలియున్న తన కుమారునికిని వేయించెను.

ఈ వార్త రాజకుటుంబమునకు చేరెను. వేల్సు యువరాణియగు కరొలీను కుమార్తెలలో నొకతె 1720లో మశూచితో చావు దప్పి బయటపడెను. కావున ఆ తల్లికిని ఈ విషయమున శ్రద్ధ కలిగెను. ముందుగా పరీక్ష చేయుటకై, మరణదండన విధింపబడిన ఆరుగురు ఖైదీలకు 1721 ఆగస్టు 9వ తేదీన న్యూగేటు చెరసాలలో అంటు వేసిరి. ఆరుగురును బ్రతికి విడుదల పొందిరి. వారిలో నొక స్త్రీని మశూచి రోగులకు పరిచర్య చేయ నియమింపగా, ఆమెకు రోగము సోకలేదు. పిదప దిక్కులేని పిల్లలు కొందరికి వేసి చూచిరి. దిక్కులేనివారిని, చెరలోనున్నవారిని ఇట్లు పరీక్షలకు గురిచేయుట నేటి ధర్మమునకు సమ్మతము కాదు. కష్టము వారిది, ఫలము అందరిది అయ్యెను. 1722 ఏప్రిలులో యువరాణి తన యిద్దరు కుమార్తెలకు అంటు వేయించెను. అంతటితో ఉన్నత కుటుంబములవా రనేకులు ఆ మార్గమున నడచిరి.

అయినను విరోధము తగ్గలేదు. దేవుడు పంపిన రోగమును మనుష్యులు తప్పించుకొనజూచుట పాపమని ఎడ్మండు మాసీ యను బోధకుడు 1722 జూలైలో లండనులో ప్రసంగించెను. అజ్ఞానులగు పరదేశపు స్త్రీల పద్ధతిని విద్యావంతులగు ఆంగ్లేయులు అనుసరింపరాదని వాగ్‌స్టాఫ్ అను వైద్యుడు పుస్తకము వ్రాసెను. ఇవి యన్నియు ఉత్త మాటలని త్రోసివేయుటకు వీలులేదు. ఆ సంవత్సరముననే సండర్లాండు ప్రభువుయొక్క చిన్న కుమారుడు అంటు వేయించిన కొలది దినములకే మరణించెను. మరియొక ప్రభువు ఇంటి సేవకుడును మరణించెను. అంటు వేయుటలో నిజముగా అపాయ ముండెను. ఈ సంగతి యెరిగిన తల్లుల భయమును ఎవరు తప్పుపట్టగలరు?

ఈ చిక్కును విప్పినది లెక్క. రాయల్ సొసైటీ కార్యదర్శియగు జేమ్సు జూరిను అను వైద్యుడు దేశమంతటనుండి వివరములు తెప్పించి కూడెను. సహజముగా మశూచి సోకినవారిలో ఆరేడుగురికి ఒకరు చచ్చుచుండగా, అంటు వేయించుకొన్నవారిలో సుమారు ఏబదిమందికి ఒకరు మాత్రమే చనిపోవుచుండిరి. అదే సమయమున, 1721లో, అమెరికాలోని బోస్టను నగరమున కూడ మశూచి వ్యాపించెను. కాటన్ మేథరు అను బోధకుడు తన యింట దాస్యమున నుండిన ఒనేసిమసు అను ఆఫ్రికా దేశస్థునివలన ఈ పద్ధతిని అంతకుముందే వినియుండెను. ఆయన ప్రోత్సాహమున బాయిల్‌స్టను అను వైద్యుడు సుమారు 240 మందికి అంటు వేయగా ఆరుగురు మరణించిరి. రోగము సహజముగా సోకిన వేలాదిమందిలో 800 మందికి పైగా మరణించిరి. ఒక బోధకుడు కాదన్నదానిని వేరొక బోధకుడు నెత్తిన వేసికొనుట గమనింపదగినది.

మేరీయు ఊరక కూర్చుండలేదు. పిలిచిన యిండ్లకెల్ల వెళ్లి, అంటు వేసిన పిల్లల మంచములయొద్ద నిలిచి తల్లులకు ధైర్యము చెప్పెను. 1722 సెప్టెంబరులో తన పేరు మరుగుపరచి, తురుష్కదేశముతో వర్తకము చేయువాడు వ్రాసినట్లుగా ఒక పత్రికలో వ్యాసము ప్రకటించెను. వైద్యులు ఎక్కువగా గాటు పెట్టి, ఎక్కువ రసి నుంచి, రోగులను రక్తము తీసి నీరసింపజేయుటచేతనే హాని కలుగుచున్నదని, తురుష్క స్త్రీల తేలిక చేయియే మేలని ఆమె యందు వాదించెను. ఆమె మనుమరాలు తరువాతి కాలమున వ్రాసినదానిని బట్టి చూడగా, ఈ పని మొదలిడిన తరువాత ఎదురైన నిందలు ఎంతటివో ముందే తెలిసియున్నచో పూనుకొనకపోయెడిదాననని మేరీ యనుకొనిన దినములును కలవట. వీథులలో దూషణలు వినుచు, బంధువులచేత రాతిగుండె తల్లియని యనిపించుకొనుచు నిలిచిన స్త్రీకి అట్టి అలసట కలుగుట సహజమే.

అయితే విచారమునకు మరియొక కారణమును కలదు. 1717లో ఎవరికి ఆ మొదటి యుత్తరము వ్రాసెనో, ఆ సారా చిజ్వెలు 1726లో మశూచిచేతనే మరణించెను. మందు సంగతి అందరికంటె ముందు తెలిసిన స్త్రీ ఆ రోగముచేతనే పోయెను. తెలియుట వేరు, చేయుట వేరు. అమెరికాలో మిక్కిలి విజ్ఞానిగా పేరుపొందిన బెంజమిను ఫ్రాంక్లిను నాలుగేండ్ల కుమారుడును 1736లో మశూచితో చనిపోయెను. అంటు వేయుట మంచిదని నమ్మిన ఆ తండ్రి తన బిడ్డకు సకాలమున వేయింపలేకపోయినందులకు జీవితాంతము దుఃఖించెను. ఏమియు చేయకుండుట క్షేమమని తల్లిదండ్రులు తలతురు. కాని యేమియు చేయకుండుటయు ఒక నిర్ణయమే. దాని ఫలమును బిడ్డయే అనుభవించును.

మేరీ యొక్క తరువాతి జీవితమున సుఖము కొంచెము, దుఃఖము కొంచెము కలదు. కుమారుడు పాఠశాలనుండి పలుమార్లు పారిపోయి, దుడుకువాడై తల్లికి మనోవ్యథ కలిగించెను. కుమార్తె బ్యూటు ప్రభువును వివాహమాడెను. ఆయన 1762లో ఇంగ్లండు ప్రధానమంత్రి యయ్యెను. మేరీ 1739లో స్వదేశమును విడిచి, ఇటలీ ఫ్రాన్సు దేశములలో ఇరువదియేండ్లకు పైగా నివసించి, 1762లో లండనునకు మరలివచ్చి, ఆ సంవత్సరము ఆగస్టు 21వ తేదీన మరణించెను. ఆమె తురుష్కదేశపు ఉత్తరములు మరుసటి సంవత్సరము అచ్చుపడి ప్రసిద్ధికెక్కెను. 1789లో లిచ్‌ఫీల్డు దేవాలయమున, ఆమెవలన దేశమునకు కలిగిన మేలునకు కృతజ్ఞతగా ఒక స్త్రీ స్మారకశిల నెత్తించెను. చిన్ననాట లండనులో అంటు వేయించుకొన్న ఆ కుమార్తె 1794 వరకు జీవించెను.

మేరీ నాటిన విత్తనము ఆమెతో ఆగలేదు. చిన్నతనమున ఇట్లే అంటు వేయించుకొన్న పిల్లలలో ఎడ్వర్డు జెన్నరు ఒకడు. ఆయన పెద్దవాడై వైద్యుడయి, 1796లో, మశూచి రసికి బదులు ఆవులకు వచ్చు తేలిక పొక్కుల రసిని ఉపయోగించి, అపాయమును మిక్కిలి తగ్గించెను. మనము టీకా యని పిలుచునది ఆనాటినుండి వ్యాపించెను. ఆ టీకా 1802లో బొంబాయిలో ఒక మూడేండ్ల బాలికకు వేయబడి మన దేశమున ప్రవేశించెను. మన దేశమున కడపటి మశూచి రోగి 1975 మే నెలలో కనబడెను. 1980లో ప్రపంచ ఆరోగ్యసభవారు భూమిమీద మశూచి రూపుమాసెనని ప్రకటించిరి. ఏ పేరు చెప్పి మన అవ్వలు వేపమండలు కట్టిరో, ఆ రోగమును నేటి బాలబాలికలు పుస్తకములలోనే చదువుచున్నారు.

మన తెలుగుదేశమునకును ఈ కథలో భాగము కలదు. క్షయరోగమునుండి బిడ్డలను కాపాడు బి.సి.జి. టీకా మన దేశమున 1948లో మదనపల్లెలో మొదలిడబడెను. నేడు ధనుర్వాతము, కోరింత దగ్గు, తట్టు, పోలియో మొదలగు వానికి టీకాలు కలవు. మేరీ చేయించిన పనిలో ఏబదింట ఒక ప్రాణము పోవుచుండెను. దాదికి రోగము సోకు భయమును ఉండెను. నేటి టీకాలతో దానికి పోలికయే లేదు. కొందరు బిడ్డలకు ఒకటి రెండు దినములు జ్వరము వచ్చుట, చేయి వాచుట కలదు. తీవ్రమైన హాని మిక్కిలి అరుదు. అంత పెద్ద అపాయమునే లెక్కవేసి దాటిన తల్లి ముందు, మన తటపటాయింపు ఎంతటిది?

తల్లులారా, భయపడుట తప్పు కాదు. మేరీయు భయపడియే యుండును. ఆమె భయమును దాచుకొనక ప్రశ్నలుగా మార్చెను. అనుభవముగల తల్లులను, వైద్యులను అడిగెను, కన్నులతో చూచెను, రెండువైపుల అపాయములను తూచెను, పిమ్మట నిర్ణయించెను. మీరును అట్లే టీకాలు వేయువారిని మొగమాటపడక అడుగుడు. ఏ టీకా దేనికి, జ్వరము వచ్చిన నేమి చేయవలెను, మరల ఎప్పుడు రావలెనని తెలిసికొనుడు. తెలిసికొనిన పిమ్మట ఆలసింపకుడు. విద్యార్థులారా, మీ యింట చంటిబిడ్డ యున్నచో టీకాల చీటిని వెదకి తీసి, తరువాతి తేదీ యెప్పుడో మీ తల్లికి చదివి చెప్పుడు. చదువు నేర్చినందులకు ఇంతకంటె మంచి ఫలము మీ కింట కనబడదు.